ఆపరేషన్‌కు ముందు 'స్టడీ' అని కాగితం ఇచ్చారు, సంతకం పెట్టాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. ఉదయగిరి వైపు పల్లె. 68 ఏళ్ల నాన్నగారు కళ్లం దగ్గర జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆరోగ్యశ్రీ కింద నెల్లూరులో ఒక మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చేర్చారు. ఎల్లుండి ఆపరేషన్. ఒక జూనియర్ డాక్టరమ్మ వచ్చి, "స్టడీ చేస్తున్నామండీ. లాటరీలో ఏది వస్తే అది. తొడ దగ్గర నరాలకు మత్తు సూది వేస్తాం, లేదంటే సెలైన్‌లో నొప్పి మందు ఇస్తాం. ఆ తర్వాత ఎటూ నడుముకు సూది ఉంటుంది" అని చెప్పి నాలుగు పేజీల కాగితం చేతిలో పెట్టింది. కొడుకు అడుగుతున్నది: "మా నాన్న మీద ప్రయోగం చేస్తున్నారా? ఫ్రీ కేసు కాబట్టే అడుగుతున్నారా? సంతకం పెట్టాలా, వద్దా? పెట్టకపోతే సరిగా చూడరేమోనని టెన్షన్‌గా ఉంది."

నేను నెల్లూరులో మత్తు డాక్టర్ని. మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతూ, పీజీల థీసిస్‌లకు గైడ్‌గా ఉంటున్నాను. అంటే మీకిచ్చినలాంటి కాగితాలు రాయించేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ మేరకు నా మాట తగ్గించుకుని వినండి.

సూటిగా సమాధానం: మీరు చెప్పినదాన్ని బట్టి ఇది ఒప్పుకోదగిన స్టడీయే. అయితే సంతకం పెట్టాల్సింది మీరు కాదు, మీ నాన్నగారు. ఆయన స్పృహలో ఉన్నారు, మాట్లాడుతున్నారు, విషయం అర్థం చేసుకోగలరు. అలాంటప్పుడు కొడుకు సంతకం చెల్లదు. మన దగ్గర అరవై దాటిన వాళ్లను మంచం మీద పడుకోబెట్టి, వరండాలో కొడుకులూ అల్లుళ్లూ నిర్ణయాలు తీసేసుకోవడం అలవాటైపోయింది. ఆపరేషన్ కాగితాల సంగతి ఎలా ఉన్నా, స్టడీ విషయంలో అది కుదరదు. రోగి తనంతట తాను చెప్పలేని స్థితిలో ఉంటేనే దగ్గరి బంధువు సంతకం. ఆయనకు చదువు రాకపోతే, స్టడీతో సంబంధం లేని సాక్షి ఎదుట కాగితం మొత్తం చదివి వినిపించి, వేలిముద్ర తీసుకోవాలి. ఆ సాక్షి కూడా సంతకం పెట్టాలి.

ఈ సాక్షి పని తూతూమంత్రంగా జరిగిపోవడం నేను కళ్లారా చూశాను. ఒక ఆసుపత్రిలో అటుగా వెళ్తున్న వార్డు బాయ్‌ని పిలిచి, "ఇక్కడ ఒక సంతకం పెట్టు" అని పెట్టించేశారు. కాగితంలో ఏముందో అతనికి తెలియదు, రోగికీ తెలియదు. మీరు పక్కనే కూర్చుని చదివించండి. అర్థం కాని చోట ఆపి అడగండి.

ఇక ప్రయోగమా కాదా అన్న మాట. ఎండీ చదివే ప్రతి పీజీ విద్యార్థీ ఒక థీసిస్ చేయాలి, అది లేకుండా డిగ్రీ రాదు. మత్తు విభాగంలో ఈ థీసిస్‌లు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ఇప్పటికే రోజూ వాడుతున్న రెండు పద్ధతులు తీసుకుంటారు. కొంతమందికి ఇది, కొంతమందికి అది ఇచ్చి, ఎవరికి నొప్పి తగ్గింది, ఎంతసేపు తగ్గింది అని రాసుకుంటారు. కొత్త మందేమీ ఉండదు. మీకు చెప్పిన రెండు పద్ధతులూ ఏ స్టడీ లేకపోయినా మా థియేటర్లో ఈ రోజు జరుగుతున్నవే. కంపెనీలు కొత్త మందును మార్కెట్లోకి తెచ్చేముందు చేసే ట్రయల్ దారి వేరు, దాని నిబంధనలు వేరు. మీ కాగితం మీద స్టడీ ఎవరిదో, ఖర్చు ఎవరిదో రాసి ఉంటుంది. మొదటి పేజీలోనే చూడండి.

తొడ దగ్గర సూది ఎందుకో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది. ఆపరేషన్ కోసం కింది భాగానికి మత్తు ఎక్కేలా నడుముకు సూది వేయాలంటే మనిషిని కూర్చోబెట్టాలి, లేదా పక్కకు తిప్పాలి. తుంటి విరిగిన మనిషికి అదే నరకం. ఒకరు విరిగిన కాలు కదలకుండా పట్టుకుంటారు, ఇద్దరు భుజాల కింద చేతులు వేసి లేపుతారు. ఆయన పళ్లు బిగిస్తాడు, దాంతో వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది. వెన్నెముకలో సూది వెళ్లడానికి సందు దొరకదు. "కాస్త వంగు పెద్దాయనా" అని మేమంటాం, ఆయన వంగలేడు. ముందుగా స్కాన్ మిషన్‌లో చూసుకుంటూ తుంటి దగ్గరి నరాలకు మత్తుమందు వేసి పదిహేను, ఇరవై నిమిషాలు ఆగితే, అదే మనిషి చేతులు ఆనించుకుని తానే లేచి కూర్చోవడం చూస్తుంటాం. రెండో దారిలో ఫెంటానిల్ లాంటి నొప్పి మందు సెలైన్ గొట్టంలో ఇస్తారు. అదీ పని చేస్తుంది. కాకపోతే పెద్దవయసు వాళ్లకు మగత వస్తుంది, శ్వాస నెమ్మదించవచ్చు. అందుకని పక్కనే ఉండి చూసుకోవాలి.

మీరు అడగాల్సిన అసలు ప్రశ్న: "రెండో గుంపుకు ఏమిస్తారు?" అందరూ కొత్త పద్ధతి గురించే అడుగుతారు. నేనైతే లాటరీలో తక్కువ దక్కేవాళ్ల వైపు చూస్తాను. తుంటి విరిగినవాళ్లకు నరాల సూది మేలు చేస్తుందా అన్నది ఇప్పుడు కొత్త ప్రశ్న కాదు. వైద్య అధ్యయనాలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020లో తన సమీక్షలో 49 అధ్యయనాలను, మొత్తం 3,061 మందిని కలిపి చూసింది. సూది వేసిన అరగంటలోపే, కదిపినప్పుడు వచ్చే నొప్పి తగ్గుతోందని తేలింది. ఆపరేషన్ తర్వాత వచ్చే అయోమయం కూడా తగ్గుతోంది. ఇంత తెలిశాక ఒక గుంపుకు ఏమీ ఇవ్వకుండా, పంటి బిగువున ఓర్చుకోమనే స్టడీ అయితే నేను వద్దనే చెబుతాను. మీ దగ్గర రెండో గుంపుకు సెలైన్‌లో నొప్పి మందు ఇస్తామన్నారు కాబట్టి ఇబ్బంది లేదు. అయినా ఇంకొకటి అడగండి: "లాటరీలో సెలైన్ మందు వచ్చి, దానికి నొప్పి తగ్గకపోతే తొడ సూది వేస్తారా?" వేస్తాం అని కాగితంలో రాసి ఉండాలి. దీన్ని మేం రెస్క్యూ అంటాం. ఆ వాక్యం లేని కాగితం మీద నేనైతే సంతకం పెట్టించను.

లాటరీ అన్న మాట వినగానే మనవాళ్లకు ఒళ్లు మండుతుంది. "మా నాయన ప్రాణంతో లాటరీ ఏంది సార్?" అని నన్ను నిలదీసినవాళ్లు ఉన్నారు. ఆ లాటరీ అంటే ఒక మూసిన కవరు. లోపల ఏముందో మాకూ కనపడదు, థియేటర్లో విప్పుతాం. డాక్టరు తన ఇష్టప్రకారం ఎంచుకుంటే, తెలియకుండానే గట్టిగా ఉన్నవాళ్లకు ఒకటి, నీరసంగా ఉన్నవాళ్లకు ఇంకొకటి ఇస్తాడు. చివరికి ఏ మందు మంచిదో కాదు, ఏ మనిషి గట్టివాడో తేలుతుంది. అది తప్పించడానికే కవరు.

ఇలా చేయకపోతే మా నమ్మకాలు ఎంత దూరం పోతాయో చెప్తాను. తుంటి ఆపరేషన్‌కు ఫుల్ మత్తు కంటే నడుము సూదే మంచిదని, పెద్దవాళ్లకు మతి చెదరదని మేం ఏళ్ల తరబడి చెప్పుకుంటూ వచ్చాం. నేనూ క్లాసులో అదే చెప్పాను. అమెరికా, కెనడాల్లో 1,600 మందితో 'రీగెయిన్' అనే ట్రయల్ చేసి 2021లో ఫలితాలు ప్రచురించారు. అరవై రోజులకు చనిపోయినవారు, నడవలేకపోయినవారు కలిపి నడుము సూది గుంపులో 18.5 శాతం, ఫుల్ మత్తు గుంపులో 18 శాతం. అయోమయం రెండు వైపులా ఇంచుమించు ఇరవై శాతం. మరుసటి ఏడాది చైనా నుంచి వచ్చిన 950 మంది ట్రయల్‌లోనూ అయోమయం విషయంలో తేడా కనపడలేదు. కాబట్టి మీ నాన్నగారికి ఏ కారణం చేతనైనా ఫుల్ మత్తు ఇవ్వాల్సి వస్తే కంగారు పడకండి.

ఆ అయోమయం గురించి కూడా తెలుసుకుని ఉండండి, మీ ఇంట్లోనూ జరగవచ్చు. ఆపరేషన్ అయిన రాత్రి పెద్దాయన లేచి కూర్చుని, "గేదెను కట్టేశారా? దూడ తాడు తెంపుకున్నట్టుంది" అంటాడు. సెలైన్ సూది పీకేస్తాడు. ఇంటివాళ్లు "మత్తు ఎక్కువైంది, మతి పోయింది" అని ఏడుస్తారు. చాలామందికి రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. కళ్లద్దాలు, చెవి మిషన్ ఉంటే వెంటనే పెట్టండి. తెలిసిన మొహం ఒకటి పక్కన ఉండాలి. పగలు లైటు, రాత్రి చీకటి ఉండేలా చూడండి. మంచాన్ని చుట్టుముట్టి పదిమంది మాట్లాడొద్దు. అయితే డాక్టరుకు చెప్పడం మాత్రం మానొద్దు. ఒక్కోసారి జ్వరం, మూత్రం ఆగిపోవడం, ఒంట్లో సోడియం తగ్గడం కూడా ఇలాగే కనపడతాయి.

స్టడీలంటే ఎక్కడో అమెరికాలో జరిగేవని అనుకోకండి. ప్రమాదాల్లో రక్తం పోతున్నవాళ్లకు రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇస్తే బతుకుతారా అని చూసిన క్రాష్-2 ట్రయల్‌లో 40 దేశాల 274 ఆసుపత్రులు పాల్గొన్నాయి, అందులో మన దేశానివీ ఉన్నాయి. 20,211 మంది రోగులు. 2010లో ఫలితం వచ్చింది: మందు ఇచ్చినవాళ్లలో చనిపోయింది 14.5 శాతం, ఇవ్వనివాళ్లలో 16 శాతం. తేడా చిన్నదే అనిపిస్తుంది కానీ చవకైన ఒక ఇంజెక్షన్‌కు అది చాలా పెద్ద విషయం. దెబ్బ తగిలిన మూడు గంటల్లోపు ఇస్తేనే మేలని, ఆ తర్వాత ఇస్తే చెడు కూడా జరగవచ్చని అదే సమాచారంలో బయటపడింది. ఇప్పుడు కావలి దగ్గరో, సింగరాయకొండ దగ్గరో హైవే మీద యాక్సిడెంట్ అయి మా దగ్గరికి వచ్చినవాళ్లకు మేం మొదట అడిగేది, "దెబ్బ తగిలి ఎంతసేపైంది?" అని. ఆ ప్రశ్న వెనక, ఆ స్టడీలో ఉన్న ఇరవై వేల మంది రోగులున్నారు.

ఇన్‌ఫెక్షన్ల సంగతి ఇంకా తమాషా. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో రాయి పడి ఎముక బయటికి వచ్చిన కేసులు ఒంగోలు, నెల్లూరు డాక్టర్లకు తెలుసు. అలాంటి గాయాన్ని సబ్బుతో కడిగితే శుభ్రంగా ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది కదా. 2015లో వచ్చిన 'ఫ్లో' ట్రయల్ దాన్ని తిరగేసింది. అందులోనూ మన దేశపు ఆసుపత్రులున్నాయి. సబ్బు నీళ్లతో కడిగినవాళ్లలో 14.8 శాతానికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది, ఉత్త సెలైన్‌తో కడిగితే 11.6 శాతానికే. నీళ్లు గట్టిగా కొట్టినా, మెల్లగా పోసినా తేడా లేదు. 2021లో మన దేశంతో కలిపి ఏడు దేశాల్లో జరిగిన 'ఫాల్కన్' ట్రయల్‌లో, క్రిములను చంపే మందు పూసిన కుట్టుదారం మామూలు దారం కంటే ఇన్‌ఫెక్షన్లను తగ్గించలేదని తేలింది. రోగి బిల్లులో ఎంత మిగులుతుందో మీరే లెక్కేసుకోండి.

ఫ్రీ కేసు కాబట్టే అడుగుతున్నారా? దాపరికం ఎందుకు, కొంతవరకు అవును. థీసిస్‌లు జరిగేది బోధనాసుపత్రుల్లో, అక్కడికి ఎక్కువగా వచ్చేది ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవాళ్లు. అందువల్ల అడిగేదీ వాళ్లనే. ఇది న్యాయమా అంటే నాకూ పూర్తిగా మింగుడుపడదు. కానీ కార్డు ఉన్నంత మాత్రాన మీ హక్కు తగ్గదు. స్టడీ కోసం మాత్రమే కావాల్సిన మందునూ, పరీక్షనూ చీటీ రాసి మిమ్మల్ని బయట కొనుక్కురమ్మనకూడదు. అలా చీటీ ఇస్తే, "ఇది ఆపరేషన్‌కా, స్టడీకా?" అని అక్కడే అడగండి.

మన జనానికి ఈ అనుమానం ఊరికే రాలేదు. 2009-10లో ఖమ్మం జిల్లాలో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార కేన్సర్ రాకుండా వేసేది) అధ్యయనం జరిగింది. చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారని బయటపడింది. గొడవ అయ్యాక అధ్యయనం ఆపేశారు. అక్కడ జరిగిన మరణాలకు టీకా కారణం కాదని విచారణలో చెప్పినా, సంతకాలు తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ట్రయల్‌లో హాని జరిగితే పరిహారం ఇవ్వాలన్న నిబంధనలు అదే ఏడాది బిగిశాయి. 2019లో కొత్త నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు స్టడీలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది ఆ సంస్థకు బయటివాళ్లు కావాలి, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు, న్యాయం తెలిసినవారు ఒకరు ఉండాలి.

కాగితం చేతికి వచ్చినప్పుడు చూడాల్సినవి ఇవి. సీటీఆర్ఐ నంబరు ఉందా? ఇది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నడిపే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, అంటే స్టడీల వివరాలు నమోదు చేసే చోటు. 2007లో మొదలైంది. నంబరులో సంవత్సరం, నెల కూడా ఉంటాయి. ఫోన్‌లో ఆ వెబ్‌సైట్ తెరిచి నంబరు కొడితే స్టడీ వివరాలు ఎవరికైనా కనపడతాయి, డబ్బు కట్టక్కర్లేదు. అందులో రాసిన రెండు గుంపుల మందులు, మీకు నోటితో చెప్పినవి ఒకటేనా చూసుకోండి. ఎథిక్స్ కమిటీ అనుమతి తేదీ ఉందా? కాగితం తెలుగులో ఉందా? పుస్తకాల తెలుగులో "యాదృచ్ఛికీకరణ" (మన లాటరీయే) అని రాసి ఉంటే సిగ్గుపడకుండా మామూలు మాటల్లో చెప్పమనండి, అలా రాయడం మా తప్పు. సంతకం అయ్యాక ఒక కాపీ మీకు ఇవ్వాలి. ఈ కాగితం, ఆపరేషన్ ఒప్పుకోలు, మత్తు ఒప్పుకోలు మూడూ వేర్వేరు. మూడింటినీ ఒక కట్టగా పెట్టి "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ" అని వేలు చూపిస్తూ పోతే ఆపండి.

స్టడీలో ఉన్నా లేకున్నా మత్తు డాక్టరుకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. రక్తం పలచబడే మాత్రలు, ముఖ్యంగా క్లోపిడోగ్రెల్ వాడుతుంటే నడుము సూది ప్లానే మారిపోవచ్చు. ఇంతకు ముందు పన్ను పీకినప్పుడో, ఇంకెక్కడో మత్తు సూదికి ఇబ్బంది వచ్చి ఉంటే చెప్పండి. చుట్ట, బీడీ తాగితే దాచొద్దు. తొడ సూది వేశాక నోట్లో లోహం రుచి తగిలినా, చెవుల్లో గుయ్‌మని మోగినా, పెదాల చుట్టూ తిమ్మిరెక్కినా వెంటనే నోరు విప్పి చెప్పమని నాన్నగారికి చెప్పండి. మత్తుమందు రక్తంలో ఎక్కువగా కలిసిందనడానికి అవే తొలి గుర్తులు. ఇది అరుదు. దానికి 20 శాతం లిపిడ్ ఎమల్షన్ అనే మందు ఉంది. "అది థియేటర్లో ఉందా డాక్టరు గారూ?" అని అడిగితే మాలో ఎవరూ ఏమీ అనుకోరు, నిజానికి సంతోషిస్తాం.

స్టడీ పేరుతో ఆపరేషన్ మాత్రం వెనక్కి పోకూడదు. తుంటి విరిగితే వీలైనంతవరకు ఒకటి రెండు రోజుల్లో చేసేయాలి. పడుకుని ఉన్నకొద్దీ ఊపిరితిత్తుల్లో నెమ్ము, వీపున పుండ్లు, కాలి రక్తనాళాల్లో గడ్డలు. ఈలోగా బంధువులెవరైనా పుత్తూరు కట్టుకు తీసుకెళ్దామంటే ఒప్పుకోకండి. చెయ్యి బెణికితే ఏమోగానీ, పెద్దవాళ్లకు పక్కకు జరిగిపోయిన తుంటి ఎముక కట్టుతో అతుక్కోదు. నెల రోజులు మంచం మీద ఉంచి, పుండ్లతో తీసుకొచ్చిన కేసులు మాకు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

ఇదే కాగితం కేన్సర్ వార్డులో ఇచ్చి ఉంటే నా సమాధానం వేరుగా ఉండేది. అరుదైన కేన్సర్లకు వేలమంది రోగులు దొరకరు, కాబట్టి లాటరీ ట్రయల్‌లు కష్టం. జిస్ట్ అనే జీర్ణకోశపు కణితికి ఇమాటినిబ్ మాత్ర పనికొస్తుందని 2002లో తేల్చిన అధ్యయనంలో ఉన్నది 147 మందే. ఉత్తుత్తి మాత్ర ఎవరికీ ఇవ్వలేదు. కొందరికి 400, కొందరికి 600 మిల్లీగ్రాములు, అంతే. అలాంటి జబ్బుల్లో ట్రయల్‌లో చేరడమే మందు దొరికే ఏకైక దారి కావచ్చు. అప్పుడు చెన్నై, వెల్లూరు, ముంబై లాంటి చోట పెద్ద కేన్సర్ కేంద్రంలో రెండో అభిప్రాయం తీసుకుని, తీరిగ్గా ఆలోచించి సంతకం పెట్టాలి. మీ నాన్నగారిది అంత బరువైన నిర్ణయం కాదు.

ఇక చివరి అనుమానం, వద్దంటే సరిగా చూడరేమోనని. వద్దంటే మామూలుగా ఇచ్చే మత్తే ఇస్తారు. సంతకం పెట్టాక కూడా, థియేటర్ గుమ్మం దగ్గర "నాకొద్దు" అని నాన్నగారు అంటే అక్కడితో ఆగిపోవాలి, కారణం చెప్పక్కర్లేదు. పీజీ అమ్మాయి మొహం కాస్త చిన్నబోవచ్చు, ఆమెకు థీసిస్ గడువు ఉంటుంది, అది మీ సమస్య కాదు. నిజంగానే ఎవరైనా విసుక్కున్నా, "అయితే ఆపరేషన్ లేటవుతుంది" అన్నా, కాగితం చివరి పేజీ చూడండి. ఎథిక్స్ కమిటీ మెంబర్ సెక్రటరీ పేరు, ఫోన్ నంబరు అక్కడ ఉంటాయి. స్టడీ చేసే డాక్టరుకు కాకుండా నేరుగా ఆ నంబరుకు ఫోన్ చేయండి.